మొహం మసకైనా సరే, ఒత్తు పోకూడదు

హైదరాబాద్ కొండాపూర్‌లో ఈ-లెర్నింగ్ కోర్సులు తయారుచేసే ఆఫీసుల్లో తరచూ వినపడే మాటలు రెండు. ఒకటి "బ్లర్ అవుతోంది". రెండోది "ఎక్కట్లేదు". మొదటి మాట క్లయింటుది. ఆయన రివ్యూ లింకును మీటింగ్ రూములో గోడంత తెర మీద, ఆఫీసు లైన్లో తెరిచి చూస్తాడు. ఫొటో అంచులు కాస్త మెత్తబడినా పట్టేస్తాడు. రెండో మాట కోర్సులను నడిపే ఎల్‌ఎంఎస్ వేదిక అడ్మిన్‌ది, జిప్ ఫైలు అప్‌లోడ్ సగంలో ఆగినప్పుడు. ఆ కోర్సు చదవాల్సిన మనిషి మాత్రం ఈ రెండింటిలో ఏదీ అనడు. తెర మధ్యలో చక్రం తిరుగుతుంటే రెండు నిమిషాలు చూసి ఫోను పక్కన పెట్టేస్తాడు. నాణ్యతా, సైజా అన్న వాదన ఇన్నేళ్లుగా తెగకపోవడానికి సగం కారణం, వాదించుకునే గదిలోకి ఈ మూడో మనిషి ఎన్నడూ రాకపోవడమే.

ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ లాంటి సాధనంలో పబ్లిష్ కొట్టేముందు నాణ్యత కోసం మూడు స్లైడర్లు కనిపిస్తాయి. వీడియోకి ఒకటి, ఆడియోకి ఒకటి, బొమ్మలకి ఒకటి. కొత్తగా చేరినవాళ్లు మూడింటినీ కలిపి పైకో కిందికో జరుపుతారు. పైకి జరిపితే క్లయింటుకు సంతోషం, కిందికి జరిపితే అడ్మిన్‌కు. ఆ జరుపుడుతోనే పని అయిపోయినట్టు మిగతావాళ్లు కూడా నమ్ముతారు. కానీ ఆ స్లైడర్లను ముట్టుకునే ముందే తేలాల్సిన సంగతి ఒకటుంది: ఈ పాఠంలో అర్థాన్ని మోస్తున్నదేది, ఊరికే పక్కన కూర్చున్నదేది? తెలుగు పాఠానికి దీని జవాబు ఇంగ్లిషు పాఠానికి వచ్చినట్టు రాదు. సాధనాల్లో ముందే పెట్టి ఇచ్చే కొలతలు మన అక్షరాన్ని చూసి కట్టినవి కావు.

ముందు లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 చుక్కలు అడ్డం, 1080 నిలువు. చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు వేసుకుంటే, ఏ కుదింపూ లేని గంట పాఠం దాదాపు 560 జీబీ అవుతుంది. అదే గంటను సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున కుదిస్తే 450 ఎంబీకి వస్తుంది. పన్నెండు వందల పాళ్లలో ఒక్క పాలు మిగిల్చి మిగతాదంతా పారేశామన్నమాట. అయినా మేష్టారు మేష్టారిలాగే కనిపిస్తారు.

ఈ గారడీకి మూలంలో తెలుగు పేరొకటి ఉంది. 1974 జనవరిలో ఐఈఈఈ వారి కంప్యూటర్ల పత్రికలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ మీద ఒక చిన్న పరిశోధన పత్రం వచ్చింది. రాసినవాళ్లు ముగ్గురు: నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాల పాటు పాఠం చెప్పి 2021లో కన్నుమూశారు. 1992 నాటి జేపెగ్ ప్రమాణమూ, ఆ తర్వాత వచ్చిన ఎంపెగ్, హెచ్.264 లాంటి వీడియో ప్రమాణాలూ ఆ ఆలోచన మీదే నిలబడ్డాయి. మన ఫోనుల్లో రోజూ తెరుచుకునే ఫొటోల వెనక ఆయన ఉన్నారు. హైటెక్ సిటీలో ఎన్ని అద్దాల మేడలకు ఎవరెవరి పేర్లో పెట్టుకున్నాం, ఈ పేరు మాత్రం నాకెక్కడా తగల్లేదు.

జేపెగ్ చేసే పని మాటల్లో చెప్పుకుంటే ఇంతే. బొమ్మను అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో నెమ్మదిగా మారే ఛాయను ఒక పక్కకూ, గబుక్కున మారే అంచును మరో పక్కకూ తీస్తుంది. నెమ్మదైన మార్పును మన కన్ను బాగా పట్టుకుంటుంది, సన్నని గజిబిజిని అంతగా పట్టించుకోదు. కాబట్టి జాగా చాలనప్పుడు ముందు పోయేది ఆ గజిబిజే. రంగుల విషయంలో ఇంకా నిర్దయ: వెలుగునీడల వివరాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, రంగు వివరాన్ని నాలుగో వంతుకు దించడం మామూలు. చెంపలకూ, ఆకాశానికీ, సున్నం వేసిన గోడకూ ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. అక్షరం దగ్గరికొచ్చేసరికి తిరగబడుతుంది, ఎందుకంటే అక్షరమంటేనే గబుక్కున మారే అంచు. ఎర్ర పలక మీద నీలం అక్షరాలు పెట్టే డిజైనర్లు తమకు తెలియకుండానే ఈ నష్టాన్ని రెండింతలు చేస్తారు.

ఇంగ్లిషు పెద్దక్షరం సగం కరిగినా ఆకారాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు. తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. 'ద' కింద చిన్న గీత పడితే 'ధ', ఆ 'ధ' కడుపులో చుక్క పడితే 'థ'. 'చ'-'ఛ', 'డ'-'ఢ', 'ప'-'ఫ'ల మధ్య తేడా కూడా అంతే, ఒక చిటికెడు సిరా. పైగా మన వరుసకు మూడంతస్తులు: పైన గుణింతం, నడుమ అక్షరం, కింద ఒత్తు. 240 చుక్కల ఎత్తున్న వీడియోలో పన్నెండు వరుసల స్లైడు పెట్టారనుకోండి. వరుసకు 20 చుక్కలు. వరుసల మధ్య ఖాళీ తీసేస్తే ఒత్తు ఆకారం మొత్తానికి మిగిలేది అయిదారు చుక్కలు, అందులోని గీతకు ఒక్కటి. ఆ ఒక్కటి కుదింపు గడిలో 'గజిబిజి' కింద జమవుతుంది. అప్పుడు 'అర్థం', 'అర్ధం' రెండూ ఒకటే. లెక్కల పాఠంలో సగమని చెప్పారో, తాత్పర్యమని చెప్పారో పిల్లవాడు వాక్యాన్ని బట్టి ఊహించుకోవాలి. ఊహించలేని పిల్లవాడికే కదా ఆ పాఠం.

అందుకని నా మొదటి తీర్పు: తెలుగు అక్షరాన్ని వీడియోలో కాల్చి పెట్టకూడదు. అక్షరాన్ని అక్షరంగానే పంపాలి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. పదిహేను వందల గుర్తుల పేజీ నాలుగున్నర కేబీ. అదే పేజీని ఫొటోగా తీస్తే 200 కేబీ సులువుగా దాటుతుంది, ఆపైన పెద్దది చేసి చూడబోతే మసక. ఫాంటు ఫైలు కొన్ని వందల కేబీలు ఉండొచ్చు గానీ అది కోర్సు మొత్తానికి ఒక్కసారే దిగుతుంది. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాక డబ్బు ఖర్చు కూడా లేదు.

మరి అందరూ అలా ఎందుకు చేయరు? దీనికి బద్ధకం ఒక్కటే కారణం అనను. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, మన పాఠ్య సామగ్రి చాలా ఏళ్లు డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని 'అను' ఫాంట్లతో తయారైంది. ఆ ఫైలును కోర్సు సాధనంలోకి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్ ఉన్నచోట కూడా పాత సాధనాల్లో ఒత్తులు విడిపోయి, అక్షరం పక్కన అక్షరం పడి, పొల్లులు తేలేవి. గడువు సాయంత్రానికి ఉంది, విషయ నిపుణుడు (ఎస్‌ఎంఈ) ఫోనెత్తడం లేదు, అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే: స్క్రీన్‌షాట్ తీసి అతికించడం. అలా పుట్టిన బొమ్మ-పేజీలు ఇప్పటికీ ఒక కోర్సు నుంచి ఇంకో కోర్సుకు వారసత్వంగా వస్తున్నాయి. తప్పనిసరై బొమ్మగానే పెట్టాల్సి వస్తే జేపెగ్ వద్దు, పీఎన్‌జీ వాడాలి. అది ఒక్క చుక్కనూ పారేయదు. చదునైన రంగులున్న స్లైడు అయితే చాలాసార్లు జేపెగ్ కన్నా చిన్నదిగా కూడా వస్తుంది.

కొత్త పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. గూగుల్ 2010లో వెబ్‌పీని తెచ్చింది. అదే గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్ వంటివి 2015లో కూటమి కట్టి, 2018లో ఏవీ1 అనే వీడియో పద్ధతిని బయటపెట్టాయి. ఈ జాబితాలో మొదటి మూడు సంస్థల ఆఫీసులు కొత్తగూడ జంక్షన్ నుంచి ఆటో దూరంలోనే ఉన్నాయి. ఏవీ1 నిజంగానే గట్టిది, హెచ్.264 కన్నా బాగా తక్కువ బిట్లతో అదే బొమ్మ చూపిస్తుంది. కానీ దాన్ని విప్పే చిప్పు చవక ఫోనుల్లో లేకపోతే ఆ పని ప్రాసెసరు మీద పడుతుంది. ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఊళ్లో పిల్లలకు వెళ్లే పాఠానికి 2003 నాటి హెచ్.264నే ఇంకా నమ్ముకోవడం వెనకబాటు అనుకోను.

ఇక గొంతు. బొమ్మ మీద జరిగినంత చర్చ గొంతు మీద జరగదు, నిజానికి పాఠాన్ని మోసేది అదే. పాతకాలపు ఫోను లైను 3,400 హెర్ట్జ్ దగ్గర ధ్వనిని కోసేసేది. 'స' శబ్దపు బలమంతా ఆ గీతకు పైనే ఉంటుంది. ఆడియో స్లైడర్‌ను మరీ అడుగుకు దించితే మళ్లీ ఆ ఫోను లైనుకే చేరతాం: శ, ష, స మూడూ ఒకే ఊపిరి. తెలుగు నేర్పే కోర్సులో ఇంతకన్నా ఘోరం ఉండదు. అయితే గొంతు విషయంలో పొదుపు చాలా తేలిక. చెప్పేది ఒక్క నోరు, మోనో చాలు. స్టీరియోలో పెట్టడమంటే ఒకే ఉత్తరాన్ని రెండు కవర్లలో పోస్టు చేయడం. మోనో ఎంపీ3 సెకనుకు 64 కిలోబిట్లయితే గంటకు 29 ఎంబీ లోపే. 2012లో ప్రమాణమైన ఓపస్ పద్ధతిలో 24 కిలోబిట్లకే మాట స్పష్టంగా వస్తుంది, గంటకు 11 ఎంబీ లోపు. వెనకాల సంగీతం తీసేస్తే ఇంకా మేలు. ఆ వేణునాదం పాఠానికి ఏం చేస్తుందో నాకెప్పుడూ తెలియలేదు.

ఏది మోయాలి, ఏది వదలాలి అన్న ఈ ప్రశ్నను కొండాపూర్ కనిపెట్టలేదు. హైదరాబాద్ దీన్ని 1975లోనే ఎదుర్కొంది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో 'సైట్' ప్రయోగం నడిపింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. కార్యక్రమాలు తయారుచేసిన ఆకాశవాణి కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ ఉపగ్రహ ఏర్పాటులో నాకు ముచ్చటేసే సంగతి, ఒక దృశ్య మార్గానికి రెండు ధ్వని మార్గాలు ఉండడం. బొమ్మ ఖరీదైనది, కాబట్టి ఒక్కటే. గొంతు చవకైనది, కాబట్టి రెండు భాషలకు రెండు. ఏది బరువో, ఏది అర్థమో విడదీసిన పద్ధతి అది. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు తర్వాత దాదాపు ఈ దారిలోనే నడిచింది. పది నిమిషాల చుట్టుపక్కల ఉండే స్క్రీన్ పాఠం, మేష్టారి మొహం కనిపించదు, అదే బొమ్మ మీద తెలుగుతో సహా దేశ భాషల్లో గొంతు మారుతుంది. మన కార్పొరేట్ కోర్సులు మాత్రం పదకొండు భాషలకు పదకొండు పూర్తి వీడియోలు రెండర్ చేసి సర్వరు నింపుతాయి.

1982లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడూ, తర్వాత 'మన టీవీ' అనే ఛానెల్, 2017 నుంచి టీ-శాట్ నిపుణ, విద్య ఛానెళ్లు నడుస్తున్నప్పుడూ సైజు గొడవ లేదు. ప్రసారంలో వెయ్యి మంది చూసినా లక్ష మంది చూసినా ఖర్చు ఒకటే, చూసేవాడి డేటా పోదు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల మీద పాఠాలు మొదలుపెట్టడం ఆ లెక్కన తెలివైన పనే. దాని లోటు వేరు: వెనక్కి తిప్పుకోవడం, ఆపి రాసుకోవడం కుదరదు. రెండో దారి, పాఠాన్ని మోసుకెళ్లి ఇవ్వడం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. బైజూస్ పాఠాలు వాటిలో ముందే నింపి ఇచ్చారు, నెట్ లేకున్నా నడిచేవి. ట్యాబు చేతికిచ్చాక సైజు సమస్య తీరింది గానీ, పాఠంలో తప్పు దొరికితే దిద్దడం లక్షల ట్యాబుల పని అయింది. 2017లో వచ్చిన దీక్ష వేదిక ఈ రెంటికీ నడుమ నిలబడింది: పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే వీడియో, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా చూసుకోవచ్చు. మూడింట్లో నా ఓటు దీనికే. కానీ దించుకోవడమంటూ ఉన్నప్పుడు, దించుకునేదెంత అన్న ప్రశ్న మళ్లీ గుమ్మంలోకి వస్తుంది.

ఐటీ కారిడార్ పనికి వస్తే, ఇక్కడి పరిమితులు మరో రకం. కోర్సును ఎల్‌ఎంఎస్‌తో మాట్లాడించే స్కార్మ్ 1.2 అనే ప్రమాణం 2001 నాటిది, ఇప్పటికీ ఎల్‌ఎంఎస్‌లలో సగం ప్రపంచం దానితోనే నడుస్తున్నట్టు ఉంటుంది. చదివేవాడు ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకోవడానికి అది ఇచ్చే జాగా 4,096 అక్షరాలు. కోర్సు మరీ పొడవైతే గుర్తు చెడిపోయి, మనిషి మళ్లీ మొదటి స్లైడుకు వచ్చి పడతాడు. మూడ్ల్ అనే ఎల్‌ఎంఎస్ కొత్తగా పెట్టుకున్న చిన్న కాలేజీకి ఎదురయ్యే మొదటి గోడ, అది నడిచే పీహెచ్‌పీలో ముందే రాసి ఉన్న 2 ఎంబీ అప్‌లోడ్ పరిమితి. సెట్టింగ్ మార్చాలని తెలియక, దానికోసం వీడియోను పిండి పిప్పి చేసిన లెక్చరర్లను చూశాను. ఎంపీ4 ఫైలులో సూచిక భాగం చివర్లో ఉండిపోతే, ఫైలు చిన్నదైనా బొమ్మ మొదలవడానికి ఆలస్యమవుతుంది. దాన్ని ముందుకు జరపడానికి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సాధనంలో ఒక్క టిక్కు చాలు, నాణ్యత రవ్వంత కూడా పోదు. ఇలాంటి ఉచిత లాభాలన్నీ అయ్యాకే స్లైడర్ దగ్గరికి వెళ్లాలి. చాలామంది ముందే వెళ్లిపోతారు.

2015లో నెట్‌ఫ్లిక్స్ ఒక పద్ధతి ప్రకటించింది. అన్ని సినిమాలకూ ఒకే బిట్‌రేటు కాకుండా ఒక్కో సినిమాకు దాని స్వభావాన్ని బట్టి లెక్క వేయడం. కార్టూనుకు తక్కువ చాలు, పోరాట దృశ్యాలకు ఎక్కువ కావాలి. ఈ తర్కం మనకు ఇంకా బాగా సరిపోతుంది. కదలని స్లైడు మీద గొంతు నడిచే పాఠానికి సెకనుకు అయిదారు ఫ్రేములు ఎక్కువే. అమీర్‌పేట ఆన్‌లైన్ బ్యాచ్‌లలో గంటల కొద్దీ కోడింగ్ రికార్డింగులు అంత చిన్నవిగా రావడానికి కారణం అదే, తెర మీద కదిలేది కర్సరు మాత్రమే. అదే గంటలో మూలన మేష్టారి వీడియో పెడితే, వెనక కిటికీ తెర గాలికి ఊగితే, బిట్లన్నీ ఆ తెర తినేస్తుంది.

పొదుపు రికార్డింగ్ రోజునే మొదలవుతుందని ఇక్కడ ఒక మాట. చీకటి గదిలో తీసిన వీడియోలో కెమెరా రవ్వలు కురిపిస్తుంది. ఆ రవ్వల్లో అర్థం ఏమీ లేకపోయినా, ప్రతి ఫ్రేములో మారతాయి కాబట్టి కుదింపు వాటినీ నమ్మకంగా మోస్తుంది. రెండు లైట్లు, ఉత్త గోడ, ట్రైపాడ్ ఉంటే అదే నాణ్యతకు ఫైలు తగ్గుతుంది. ఫ్యాను చప్పుడు ఆడియోకి అలాంటిదే. కొండాపూర్ ఫ్లాట్లలో వాయిస్ ఓవర్ చెప్పే వాళ్లు పక్క బిల్డింగ్ డ్రిల్లింగ్ ఆగే దాకా, పై అంతస్తు కుక్కరు విజిల్ అయ్యే దాకా కాచుక్కూర్చుంటారు, ఫ్యాను కట్టేసి చెమటలు కక్కుతూ.

"5జీ వచ్చాక, రోజుకు 2 జీబీ ఇస్తున్నాక ఈ లెక్కలెందుకండీ" అని అడిగేవాళ్లున్నారు. నిజమే, 2016 తర్వాత డేటా ధర పడిపోయిన తీరు చూస్తే అడగాల్సిందే. కానీ రోజుకు 1.5 జీబీ ప్యాకులో గంటకు 450 ఎంబీ పాఠం మూడు గంటల పైన కొంచెమే వస్తుంది. ఇంట్లో ఫోను ఒకటి, పిల్లలు ఇద్దరు, మధ్యలో అమ్మకు వచ్చే వాట్సాప్ వీడియోలు. కోటా అయిపోయాక నెట్ పూర్తిగా పోదు, చాలా ప్యాకుల్లో సెకనుకు 64 కిలోబిట్లకు దిగుతుంది. ఆ వేగంలో గంట వీడియో దిగడానికి పదిహేను గంటలు దాటుతుంది. 200 కేబీ పేజీ-ఫొటోకు 25 సెకన్లు. నాలుగున్నర కేబీ తెలుగు పేజీకి అర సెకను పైన కొంచెం. 24 కిలోబిట్ల గొంతుకు ఆగకుండా వచ్చేంత దారి ఉంది, ఇంకా మిగులుతుంది. కోటా ముగిసిన ఫోనును పాఠానికి ఆఖరి గది అనుకుంటే, అక్కడిదాకా రాగలిగినవి అక్షరం, గొంతు.

2020 మార్చి 24న, లాక్‌డౌన్ మొదలవుతున్న రోజున, మన దేశంలో వీడియో సంస్థలు మొబైల్ నెట్‌వర్కుల మీద కొన్నాళ్లు 480పీకి మించి ఇవ్వమని ఒప్పుకున్నాయి. కోట్లు పోసి తీసిన సినిమాలు ఆ చుక్కలను వదులుకున్నాయి. అగ్నిమాపక సిలిండరు ఎలా వాడాలో చెప్పే కోర్సు మాత్రం ఫుల్ హెచ్‌డీ యాంకరు లేనిదే సంతకం పెట్టనంటుంది.

సైజు తగ్గించేవాళ్ల పాపాలూ తక్కువేం కాదు. లాక్‌డౌన్‌లో టీచర్లు వీడియో తీసి గ్రూపులో పెడితే, మీడియాకు 16 ఎంబీ హద్దున్న వాట్సాప్ దాన్ని కుదించింది. దాన్ని దించుకుని ఇంకొకరు ఎడిట్ చేసి పెడితే మళ్లీ కుదించింది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు నాలుగో చేతికి వచ్చేసరికి బోర్డు మీద భిన్నాల గీతలు కరిగిపోయాయి. డాక్యుమెంటుగా పంపితే కుదించదని కనిపెట్టిన టీచర్లే అప్పుడు నిజమైన మీడియా ఇంజినీర్లు. అసలు కాపీని భద్రంగా దాచుకుని, ఒక్కసారే, చివర్లో మాత్రమే కుదించడం ఈ రంగంలో ప్రాథమిక శుభ్రత. అయినా క్లయింటు దగ్గర అసలు కాపీ పోయిందని తెలిసి, ఎల్‌ఎంఎస్‌లోంచి దించిన కుదింపు ఫైలు మీదే కొత్త కోర్సు కట్టిన సందర్భాలు నా చేతుల మీదుగానే నడిచాయి.

పబ్లిష్ అయ్యాక నాదొక అలవాటు. పాత ఫోనులో సిమ్ వేసి, కోటా అయిపోయే దాకా ఆగి, బొటానికల్ గార్డెన్ పక్క రోడ్డు మీద నిలబడి కోర్సు తెరుస్తాను. మేష్టారి వీడియో రాదు, రావాలని నేనూ అనుకోను. గొంతు రావాలి. స్లైడు రావాలి. అందులో 'అర్థం' అన్న మాట వెతికి, రెండు వేళ్లతో పెద్దది చేసి, 'థ' కడుపులో చుక్క ఉందో లేదో చూస్తాను. ఉంటే అడ్మిన్‌కు జిప్ పంపుతాను. లేకపోతే కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో పడి మళ్లీ ఆఫీసుకు.